“విండోస్‌లో ఇదే చివరిది” అన్నది ఎవరు: ఉద్యోగా, కంపెనీయా?

2015 మే మొదటి వారంలో షికాగోలో మైక్రోసాఫ్ట్ ‘ఇగ్నైట్’ అనే సదస్సు జరిపింది. అక్కడ ఒక సాంకేతిక ప్రసంగం మధ్యలో ఆ కంపెనీ ఉద్యోగి ఒకరు, విండోస్ 10 విండోస్‌లో చివరి వెర్షన్ అన్నారు. ఆ మాట చూస్తుండగానే ప్రపంచమంతటా శీర్షికలకు ఎక్కింది. ఆరేళ్ల తరువాత, 2021 జూన్ 24న కంపెనీ విండోస్ 11ను ప్రకటించినప్పుడు “చివరిదని చెప్పి కొత్తది తెచ్చారు, మాట తప్పారు” అన్న ఫిర్యాదు లేచింది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు సపోర్ట్ (కంపెనీ ఎప్పటికప్పుడు పంపే భద్రతా సవరణలు) ఆగిపోయినప్పుడు అదే ఫిర్యాదు మరింత గట్టిగా వినిపించింది.

నేను వాణిజ్య ఒప్పందాలు రాసే న్యాయవాదిని. “వాళ్ల మనిషే అన్నాడు కదండీ, అది కంపెనీ మాట కాదా?” అనే ప్రశ్న నా వృత్తిలో ఎన్నో రూపాల్లో ఎదురవుతుంది. ఫ్లాటు కొన్నవారు సైట్ ఆఫీసులో సేల్స్ ఉద్యోగి చెప్పిన క్లబ్‌హౌస్ గురించి అడుగుతారు. సాఫ్ట్‌వేర్ కొన్న సంస్థ, డెమో రోజున ఇంజనీరు “వచ్చే రిలీజులో ఇది ఉంటుంది” అన్న మాటను పట్టుకుని వస్తుంది. కంపెనీలవారు అదే ప్రశ్నను అటువైపు నుంచి అడుగుతారు: “మా ఉద్యోగి సొంతంగా ఏదో అన్నాడు, అది మా మెడకు చుట్టుకుంటుందా?” వీటిని విడదీసి చూడడానికి విండోస్ 10 ఉదంతం కంటే మంచి కేసు నాకు కనిపించలేదు. అన్న మాట, అన్న సందర్భం, కంపెనీ ఇచ్చిన జవాబు, కంపెనీ ప్రచురించిన గడువుల పట్టిక, ఇవన్నీ తేదీలతో సహా బహిరంగంగా ఉన్నాయి. మన దేశంలో ఇటువంటి వివాదం వస్తే ఎలా తూచాలో చూపడం నా ఉద్దేశం కాబట్టి, అమెరికాలో జరిగిన ఈ ఉదంతానికి మన చట్టాన్ని కూడా అన్వయించి చూస్తాను.

వేదిక మీద జరిగినది

మాట్లాడిన వ్యక్తి డెవలపర్ ఎవాంజెలిస్ట్. అంటే కంపెనీ సాంకేతికతను బయటి ప్రోగ్రామర్లకు వివరించి, వారిని దానివైపు తీసుకువచ్చే ఉద్యోగం. విండోస్ విభాగానికి ఆయన అధిపతి కాదు, కంపెనీ అధికార ప్రతినిధీ కాదు. అలాగని దారిన పోతూ ఏదో అన్న మనిషి కూడా కాదు. కంపెనీ సొంత సదస్సులో, కంపెనీ ఇచ్చిన వేదిక మీద, రుసుము కట్టి వచ్చిన వినియోగదారులకు చెప్పడానికి కంపెనీయే ఆయనను నిలబెట్టింది. ఆ ప్రసంగం అంశం టైల్స్, నోటిఫికేషన్లు, యాక్షన్ సెంటర్. విండోస్ భవిష్యత్తు కాదు.

ఆయన అన్న వాక్యాన్ని సందర్భంతో కలిపి చదివితే దాని స్వరూపం వేరుగా కనిపిస్తుంది. విండోస్ 8.1 విడుదల నాటికి కంపెనీ లోపల తరువాతి వెర్షన్ పని గుట్టుగా నడుస్తూ ఉంది, కాబట్టి దాని గురించి బయట మాట్లాడడానికి వీలు లేకపోయింది. ఇప్పుడు అటువంటి గుట్టు ఏదీ లేదు. విండోస్ 10 చివరి వెర్షన్ కాబట్టి అందరం ఇంకా దాని మీదే పని చేస్తున్నాం, అందుకే రాబోయే మార్పుల గురించి మీతో స్వేచ్ఛగా చెప్పగలుగుతున్నాం. ఇదీ ఆయన మాటల సారం. తన నోటికి ఇప్పుడు తాళం ఎందుకు లేదో చెబుతూ, దానికి కారణంగా ఆ వాక్యం అన్నారు. శీర్షికల్లోకి వచ్చేసరికి కారణమే ప్రకటన అయింది.

పైవారు అప్పటికే చెబుతూ వచ్చిన మాటలకు ఇది విరుద్ధమూ కాదు. అదే ఏడాది జనవరి 21న రెడ్మండ్‌లో జరిగిన కార్యక్రమంలో ఆపరేటింగ్ సిస్టమ్స్ విభాగానికి అధిపతిగా ఉన్న టెర్రీ మైయర్సన్, ఇకపై విండోస్‌ను ఒక సేవగా అందిస్తామని, అప్‌గ్రేడ్ చేసుకున్న పరికరాన్ని దాని సపోర్ట్ కాలం పొడవునా తాజాగా ఉంచుతామని చెప్పారు. విండోస్ 7, 8.1 వాడుతున్నవారికి మొదటి ఏడాది అప్‌గ్రేడ్ ఉచితమన్నది కూడా ఆ రోజే. అంతకు ఏడాది ముందు, 2014 ఫిబ్రవరిలో, మన హైదరాబాదులో పుట్టి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ల కంపెనీ పగ్గాలు చేపట్టారు. పెట్టెలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ నుంచి ఎప్పటికప్పుడు అందే సేవవైపు కంపెనీ మళ్లుతున్న రోజులవి. ఎవాంజెలిస్ట్ వాక్యం ఆ ధోరణిలోంచే వచ్చింది. వినేవారు నమ్మడానికి ఇది బలమైన కారణం. ఉద్యోగి మాట పైఅధికారుల మాటతో ఒకే దిక్కుకు సాగితే, అది ఒంటరి అభిప్రాయమని తోసిపుచ్చడం కంపెనీకి కష్టమవుతుంది.

కంపెనీ ఇచ్చిన జవాబు

ఈ కేసు మొత్తానికి కీలకమైన పత్రం ఇదే. ఆ మాట మీద వివరణ కోరిన టెక్నాలజీ వార్తల వెబ్‌సైటు ‘ది వర్జ్’కు మైక్రోసాఫ్ట్ ఒక ప్రకటన ఇచ్చింది. అందులో మూడు సంగతులు ఉన్నాయి. ఇగ్నైట్‌లో వచ్చిన వ్యాఖ్యలు విండోస్‌ను ఇకమీదట సేవగా అందించే తీరును ప్రతిబింబిస్తున్నాయి. భవిష్యత్తులో ఏ పేరు పెడతామన్న దాని గురించి ఇప్పుడు మాట్లాడడం లేదు. విండోస్ 10 తాజాగా ఉంటుందని, రకరకాల పరికరాల్లో పనిచేస్తుందని వినియోగదారులు నమ్మకం పెట్టుకోవచ్చు.

ఒప్పందాలు రాసే కంటితో చూస్తే ఇది ఎంతో జాగ్రత్తగా కూర్చిన జవాబు. ఉద్యోగి తప్పు మాట్లాడాడని అనలేదు. విండోస్ 11 అనేది ఇక రాదని కూడా అనలేదు. ‘సేవగా అందిస్తాం’ అన్న భాగాన్ని కంపెనీ తన నెత్తిన వేసుకుంది, ‘చివరిది’ అన్న భాగాన్ని మాత్రం ముట్టుకోకుండా పక్కన పెట్టింది. పేరు గురించి మాట్లాడడం లేదన్న ఆ చిన్న వాక్యమే ఆరేళ్ల తరువాత కొత్త పేరు పెట్టడానికి తెరిచి ఉంచిన తలుపు. కానీ శీర్షికలు చదివిన కోట్లమందిలో ఆ వాక్యం దాకా వెళ్లినవారు ఎంతమంది ఉంటారు?

ఇక గడువుల పట్టిక. విండోస్ 10 విడుదలైన 2015 జులైలోనే కంపెనీ దాని సపోర్ట్ గడువులను ప్రచురించింది: ప్రధాన సపోర్ట్ 2020 అక్టోబరు 13 వరకు, పొడిగింపు సపోర్ట్ 2025 అక్టోబరు 14 వరకు. విండోస్ 7కూ ఇదే ఐదు ప్లస్ ఐదు పద్ధతి. 2009 అక్టోబరులో వచ్చిన దానికి ప్రధాన సపోర్ట్ 2015 జనవరిలో, పొడిగింపు సపోర్ట్ 2020 జనవరిలో ముగిశాయి. అంటే ‘చివరిది’ అని లోకం అనుకుంటున్న వెర్షన్‌కు ముగింపు తేదీ పుట్టిన నెలలోనే రాసి ఉంది. చివరకు సపోర్ట్ ఆగినదీ సరిగ్గా ఆ తేదీనే.

కలిపి అడగకూడని రెండు ప్రశ్నలు

అది ఎవరి మాట అన్నది ఒక ప్రశ్న. ఆ మాట కట్టిపడేస్తుందా అన్నది వేరే ప్రశ్న. నా అనుభవంలో ఇటువంటి వివాదాలన్నీ చిక్కుబడేది ఈ రెండిటినీ ఒకటిగా అడగడం వల్లనే. కొన్నవారు “అది కంపెనీ మాటే” అని రుజువు చేస్తే గెలిచినట్టే అనుకుంటారు. కంపెనీ “అది మా మాట కాదు” అంటే బయటపడినట్టే అనుకుంటుంది. ఇద్దరి లెక్కా తప్పు. సాక్షాత్తూ కంపెనీ అధినేత నోటినుంచి వచ్చిన మాట కూడా ఒక ఆశగానో అంచనాగానో మిగిలిపోవచ్చు. మామూలు ఉద్యోగి అన్న మాట కంపెనీని పూర్తిగా కట్టేయనూవచ్చు.

మొదటి ప్రశ్నకు మన దగ్గర పాత, గట్టి సాధనం భారత ఒప్పందాల చట్టం, 1872. దాని 237వ సెక్షన్ సారం ఇది: ఏజెంటు తన అధికారాన్ని దాటి ఏదైనా చేసినా, అది అతడి అధికార పరిధిలోనిదేనని అవతలివారు నమ్మేలా యజమాని తన మాటలతో గానీ ప్రవర్తనతో గానీ చేసి ఉంటే, దానికి యజమాని కట్టుబడాలి. చట్టంలోనే ఉదాహరణ ఉంది. ఫలానా ధరకు తక్కువ అమ్మవద్దని చెప్పి ఒకరు సరుకు అప్పగించారు; ఆ ఆదేశం తెలియని కొనుగోలుదారు ఏజెంటుతో తక్కువ ధరకు బేరం కుదుర్చుకున్నాడు; యజమాని ఆ బేరానికి కట్టుబడాల్సిందే. ఇక్కడ చూడాల్సినది ఉద్యోగి హోదా కాదు. అతడిని కంపెనీ ఎక్కడ నిలబెట్టింది, అవతలివారికి ఏమని కనిపించేలా చేసింది అన్నది. లోపల ఇచ్చిన ఆదేశాలు బయటివారికి తెలియవు, తెలియనివాటితో వారిని కట్టేయడం కుదరదు.

రెండో సాధనం ఆమోదం. అధికారం లేకుండా చేసిన పనిని యజమాని తరువాత తనదిగా ఒప్పుకోవచ్చునని 196వ సెక్షన్, ఆ ఒప్పుకోలు ప్రవర్తన ద్వారా కూడా జరగవచ్చునని 197వ సెక్షన్ చెబుతాయి. మైక్రోసాఫ్ట్ జవాబును ఈ సెక్షన్ల పక్కన పెట్టి చదవండి. ‘ఆ వ్యాఖ్యలు మా తీరును ప్రతిబింబిస్తున్నాయి’ అనడం ఆమోదం కాక మరేమిటి? ఇక్కడ చురుకైన వాది 199వ సెక్షన్ తీస్తారు: ఒక లావాదేవీలో భాగాన్ని ఆమోదిస్తే మొత్తాన్నీ ఆమోదించినట్టే. అలా అయితే సగం వాక్యాన్ని తీసుకుని మిగతా సగాన్ని వదిలేయడం చెల్లదు కదా? వాదన బాగుంది, కానీ నిలవదని నా అభిప్రాయం. ఆ సెక్షన్ లావాదేవీల గురించి. వేదిక మీద అన్న వాక్యంతో ఎవరితోనూ ఏ లావాదేవీ జరగలేదు. కాబట్టి మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇలా ఉంటుంది: జవాబు ఇచ్చే వరకు అది ఉద్యోగి మాట. జవాబు తరువాత ‘సేవగా అందిస్తాం’ అన్నంత మేరకు అది కంపెనీ మాట. ‘చివరిది’ అన్న భాగాన్ని కంపెనీ స్వీకరించలేదు, కాదనీ అనలేదు.

సాక్ష్యంగా ఆ మాట పనికివస్తుందా అన్నది మరో కోణం. అమెరికా ఫెడరల్ సాక్ష్య నియమాల్లోని 801వ నియమం ప్రకారం, ఉద్యోగంలో ఉండగా తన ఉద్యోగ పరిధిలోని విషయం గురించి ఉద్యోగి అన్న మాటను కంపెనీకి వ్యతిరేకంగా కోర్టు ముందు పెట్టవచ్చు. కంపెనీ తరఫున మాట్లాడే అధికారం ఉండాలన్న షరతు లేదు. మన భారతీయ సాక్ష్య అధినియమం, 2023 అంత దూరం వెళ్లదు. పాత సాక్ష్య చట్టంలోని 18వ సెక్షన్ ఇప్పుడు 16వ సెక్షన్‌గా వచ్చింది. ఆ మాట అనడానికి ఏజెంటుకు స్పష్టంగా గానీ పరోక్షంగా గానీ అధికారం ఉందని కోర్టు భావించాలి. అందుకే మన దగ్గర పోరాటమంతా ‘పరోక్ష అధికారం’ చుట్టూ తిరుగుతుంది. ఏ దేశంలోనైనా సాక్ష్యంగా లోపలికి రావడం వేరు, వాగ్దానంగా నిలవడం వేరు.

రెండో ప్రశ్న దగ్గర వాది కేసు వీగిపోతుంది

విండోస్ 10 వాక్యం భవిష్యత్ పనిప్రణాళిక గురించి. దానికి కాలపరిమితి లేదు, ప్రత్యేకించి ఎవరినీ ఉద్దేశించలేదు, దానికి ప్రతిఫలంగా ఎవరూ ఏదీ ఇవ్వలేదు. పైగా ప్రచురించిన గడువు తేదీ ఎదురుగా ఉంది. లిఖిత ఒప్పందం ఉన్నచోట దాని షరతులకు విరుద్ధంగా నోటిమాటను సాక్ష్యంగా తేవడానికి మన చట్టం సాధారణంగా ఒప్పుకోదు. పాత సాక్ష్య చట్టంలోని 91, 92 సెక్షన్లు, కొత్తదానిలో 94, 95 చెప్పేది ఇదే. మోసం వంటివి మినహాయింపులు. ఇక్కడ మోసం అనడానికి ఆధారం లేదు; అన్న రోజున ఆ మాట ఆ బృందం పని తీరుకు నిజాయితీగల వర్ణన అనే నేను నమ్ముతాను.

నష్టం ఎక్కడ పడిందో కూడా చూడాలి. విండోస్ 11కు అర్హత ఉన్న యంత్రాలకు అప్‌గ్రేడ్ ఉచితంగానే వచ్చింది. దెబ్బ తగిలినది టీపీఎం 2.0 భద్రతా చిప్ లేని, ప్రాసెసర్ పాతదైన కంప్యూటర్లు ఉన్నవారికి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఎనిమిదో తరం నుంచే అర్హత ఇచ్చారు. అంటే 2016లోనో 2017 మొదట్లోనో కొన్న, బాగా పనిచేస్తున్న యంత్రం పక్కకు పోయింది. ఒక పాఠశాల కంప్యూటర్ గదిలో, ఒక మీసేవా కేంద్రంలో, ఒక చిన్న డాక్టరు క్లినిక్‌లో ఆ యంత్రాన్ని మార్చడమంటే చిన్న ఖర్చు కాదు. వారు “చివరిదన్నారు కదా” అని అడిగితే అది అమాయకత్వమని నేను అనను. గడువు పట్టిక కంపెనీ వెబ్‌సైటులో ఉన్న మాట నిజమే. కానీ కంప్యూటర్ కొనేవారు ఆ పుట తెరవరు, శీర్షిక మాత్రం చదువుతారు. ఆ శీర్షిక తనకు మేలు చేస్తున్నంత కాలం దాన్ని సరిదిద్దడానికి కంపెనీ గట్టిగా గొంతెత్తలేదు. చట్టం ముందు మైక్రోసాఫ్ట్ నిలబడుతుంది. న్యాయంగా ప్రవర్తించిందా అంటే, 2015 జులైలో గడువు ప్రచురించిన రోజునే ‘చివరి వెర్షన్ అన్న వార్తల సంగతి’ అంటూ ఒక్క వాక్యం చేర్చి ఉండాల్సిందని నేను నిర్మొహమాటంగా చెబుతాను. అది చేయడానికి కంపెనీకి ఏ ఖర్చూ లేదు.

అవే మాటలు, వేరే ఫలితాలు

2012 జులై 3న నెట్‌ఫ్లిక్స్ అధినేత రీడ్ హేస్టింగ్స్ తన సొంత ఫేస్‌బుక్ పుటలో ఒక మాట రాశారు: జూన్ నెలలో ప్రేక్షకులు చూసిన సమయం మొదటిసారి వంద కోట్ల గంటలు దాటిందని. ఆయనను అనుసరిస్తున్నవారు 2 లక్షలకు పైగా. కంపెనీ ఆ సంగతిని అధికారిక పత్రంగా దాఖలు చేయలేదు. రాసిన సమయానికి 70.45 డాలర్లు ఉన్న షేరు మరుసటి ట్రేడింగ్ రోజు ముగిసేసరికి 81.72కు చేరింది. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ విచారించి 2013 ఏప్రిల్ 2న నివేదిక ఇచ్చింది. చర్య తీసుకోలేదు, కానీ సూత్రం తేల్చింది: సోషల్ మీడియాలో సమాచారం ఇవ్వవచ్చు, అయితే ఏ ఖాతాలో ఇస్తామో మదుపరులకు ముందే చెప్పి ఉండాలి. ముందు చెప్పని అధినేత సొంత పుట కంపెనీ గొంతు అనిపించుకోవడం కష్టం.

టెస్లా సరిగ్గా ఆ ‘ముందే చెప్పడం’ చేసింది. ఎలాన్ మస్క్ ట్విటర్ ఖాతాను అనుసరించమని 2013 నవంబరులో మదుపరులకు అధికారికంగా తెలిపింది. 2018 ఆగస్టు 7న ఆయన ఆ ఖాతాలోనే, షేరు 420 డాలర్ల చొప్పున టెస్లాను ప్రైవేటు కంపెనీగా మార్చే ఆలోచనలో ఉన్నానని, నిధులు సిద్ధమయ్యాయని రాశారు. ఎస్‌ఈసీ దావా వేసింది. రాజీలో మస్క్, టెస్లా చెరి 2 కోట్ల డాలర్లు కట్టారు, ఆయన చైర్మన్ పదవి వదులుకున్నారు. టెస్లా మీద మోపిన తప్పు మనకు ముఖ్యం: అధినేత ట్వీట్లను ప్రకటనకు ముందు పరిశీలించే ఏర్పాటు లేకపోవడం. తలుపు తెరిచి కాపలా పెట్టకపోవడం కంపెనీ తప్పు అయింది. అయితే అదే ట్వీటు మీద మదుపరులు వేసిన వేరే దావాలో 2023 ఫిబ్రవరిలో జ్యూరీ మస్క్‌నూ కంపెనీనీ బాధ్యులుగా తేల్చలేదు. మాట కంపెనీదే అయినా పరిహారం రావాలన్న నియమం లేదు. పైన చెప్పిన రెండు ప్రశ్నలు విడివిడిగా నిలబడతాయనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఉండదు.

2022లో గూగుల్ ఇంజనీరు ఒకరు కంపెనీ తయారుచేసిన లామ్డా అనే సంభాషణ ప్రోగ్రాముకు చైతన్యం ఉందని పత్రికకు చెప్పినప్పుడు, ఆధారాలు ఆ వాదనను సమర్థించడం లేదని గూగుల్ వెంటనే స్పష్టంగా చెప్పింది. ఆ మాట గూగుల్‌దని ఆ తరువాత ఎవరూ అనలేదు. ఖండన సూటిగా ఉంటే ఎంత తేలికగా తేలిపోతుందో చూడండి. ఇక 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ముందు ఎయిర్ కెనడా, తన వెబ్‌సైటులోని చాట్‌బాట్ చెప్పినదానికి తాను బాధ్యురాలు కాదని వాదించి ఓడింది. మనిషి కూడా కాని యంత్రం మాటకే కంపెనీ జవాబుదారీ అయినప్పుడు, కంపెనీ వేదిక ఎక్కించిన మనిషి మాటను తోసిపుచ్చడం ఇకపై ఇంకా కష్టం.

మన నమోదిత కంపెనీలకు

ఇక్కడ చట్టం చాలా నిర్దిష్టంగా ఉంది. మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 నాటి లిస్టింగ్ నిబంధనల్లో 30వది, ముఖ్యమైన సంఘటనలను స్టాక్ ఎక్స్ఛేంజికి తెలపాలంటుంది. ఏది ముఖ్యమో నిర్ణయించి తెలపడానికి బోర్డు కీలక అధికారులకు ముందే అధికారం ఇవ్వాలి. 2023 జులై నుంచి మరొక అంశం చేరింది: డైరెక్టర్లు, ప్రమోటర్లు, కీలక అధికారులు, సీనియర్ మేనేజ్‌మెంట్ అప్పటిదాకా బయటికి రాని ముఖ్యమైన సంగతిని సోషల్ మీడియాలో గానీ పత్రికల్లో గానీ చెబితే, కంపెనీ దాన్ని ఎక్స్ఛేంజికి తెలపాల్సిందే. ‘ఆయన సొంతంగా అన్నాడు’ అని కూర్చోవడానికి వీలు లేదు. పెద్ద కంపెనీలు, అంటే 2024 జూన్ నుంచి మొదటి 100, డిసెంబరు నుంచి మొదటి 250, పత్రికల్లో వచ్చిన వదంతి వల్ల షేరు ధర గణనీయంగా కదిలితే 24 గంటల్లో ఔననో కాదనో చెప్పాలి.

హైదరాబాదు మందుల కంపెనీలను ఊహించుకోండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీ ఫలితం షేరు ధరను కదిలించే సంగతి. తనిఖీ బాగా ముగిసిందన్న ఆనందంలో ఒక ప్లాంటు మేనేజరు లింక్డ్‌ఇన్‌లో బృందాన్ని అభినందిస్తూ నాలుగు వాక్యాలు రాశారనుకుందాం. ఆయన సీనియర్ మేనేజ్‌మెంట్ నిర్వచనంలోకి రాకపోవచ్చు. అయినా అది అప్పటికి ప్రచురితం కాని, ధరను ప్రభావితం చేసే సమాచారం. ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్ల లావాదేవీ) నిబంధనల ప్రకారం దాన్ని బయటపెట్టడం ఆయనకే ముప్పు. తన ప్రొఫైలులో ‘అభిప్రాయాలు నా సొంతం’ అని రాసుకోవడం ఇందుకు ఏ రక్షణా ఇవ్వదు, ఎందుకంటే ఆయన చెప్పినది అభిప్రాయం కాదు, వాస్తవం.

ఉద్యోగి నిజంగానే సొంత హోదాలో ప్రవర్తించిన సందర్భాలూ ఉంటాయి. భారతీయ స్టేట్ బ్యాంకు, శ్యామాదేవి కేసులో 1978లో సుప్రీంకోర్టు తేల్చినది అదే. అలహాబాదు శాఖలో ఖాతా ఉన్న కుటుంబం, తమకు తెలిసిన బ్యాంకు ఉద్యోగి చేతికి పరిచయం కొద్దీ డబ్బు ఇచ్చింది. అతడు కాజేశాడు. బ్యాంకు ఉద్యోగిగా కాక స్నేహితుడిగా తీసుకున్నాడు కాబట్టి బ్యాంకు బాధ్యత లేదని తీర్పు. అది డబ్బు సంగతి, మాట సంగతి కాదు. అయినా పెళ్లి విందులోనో రైలు ప్రయాణంలోనో ఉద్యోగి చెప్పిన కబురును కంపెనీ ప్రకటనగా తీసుకునేవారికి ఈ తీర్పు చదవమని చెబుతాను.

ఎవరైనా ఇటువంటి మాట పట్టుకుని వస్తే

నేను మొదట అడిగేది “ఎవరు అన్నారు?” అని కాదు. “అన్న తరువాత కంపెనీ ఏం చేసింది, మీరు ఏం చేశారు?” అని. కంపెనీ ఆ వీడియోను తన ఖాతాలో పెట్టుకుందా, ప్రచారానికి వాడుకుందా, అడిగితే తప్పించుకునే జవాబు ఇచ్చిందా? ఇవి ఉంటే మాట కంపెనీవైపు జరుగుతుంది. ఇక మీరు ఆ మాటను నమ్మే డబ్బు కట్టారని చూపగలరా? చాలామంది దగ్గర ఇక్కడే కాగితం ఉండదు. డబ్బు కట్టే ముందు ఒక్క ఈమెయిల్ చాలు: “మీ ప్రతినిధి ఫలానా తేదీన ఇలా చెప్పారు, ఆ నమ్మకంతో ఆర్డరు ఇస్తున్నాం.” అవతలినుంచి ఖండన రాకపోతే 237వ సెక్షన్ కింద చూపడానికి మీ చేతిలో కంపెనీ ప్రవర్తన ఉన్నట్టే.

ఫ్లాట్ల విషయంలో స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా), 2016 లోని 12వ సెక్షన్ కొన్నవారికి బాగా అండగా ఉంటుంది. ప్రకటనలో, ప్రాస్పెక్టస్‌లో, నమూనా ఫ్లాటులో చూపిన తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోతే ప్రమోటరు పరిహారం ఇవ్వాలి. కాబట్టి సేల్స్ ఉద్యోగి నోటిమాటను బ్రోచరులో ఎక్కడ ఉందో చూపించమని అడగాలి. చూపించలేకపోతే ఆ క్లబ్‌హౌస్ ఖర్చును ధరలోంచి మనసులోనే తీసేసుకుని బేరం ఆడడం మంచిది.

కంపెనీలకు నేను ఇచ్చే సలహా వారు ఆశించేదానికి భిన్నంగా ఉంటుంది. ఉద్యోగుల నోళ్లు మూయించే సర్క్యులరు రాయించుకోవాలని వస్తారు. ఇంజనీర్లు మాట్లాడడం మానేస్తే వినియోగదారులకు మిగిలేది ప్రచార భాషే. దానివల్ల కంపెనీకీ మేలు లేదు. వేదిక ఎక్కించేటప్పుడే ఆ వ్యక్తి ఏ అంశం మీద కంపెనీ తరఫున మాట్లాడుతున్నారో తెర మీద చూపించండి. పరిధి దాటిన మాట బయటికి వస్తే ఆ రోజే, ఆ వాక్యాన్నే ఎత్తి చూపి, ఔననో కాదనో ఇంకా నిర్ణయించలేదనో చెప్పండి. సగం ఒప్పుకుని సగం దాచే జవాబు ఆ వారానికి గండం గట్టెక్కిస్తుంది, ఆరేళ్లకు బాకీ తేలుతుంది. మాట జారిన ఉద్యోగిని బలిపెట్టడం మాత్రం అస్సలు వద్దు. ఇగ్నైట్‌లో మాట్లాడిన వ్యక్తి అబద్ధం ఆడలేదు, ఎవరినీ మభ్యపెట్టలేదు.

కొనేవారి తరఫున రాసే ఒప్పందాల్లో నేను ఇప్పుడు ఒక షరతు తప్పకుండా పెడుతున్నాను. దీన్ని అమ్మేవారు మొదట ఒప్పుకోరు. ‘ఈ పత్రంలో ఉన్నదే పూర్తి ఒప్పందం’ అన్న తమ షరతును ముందుకు తోస్తారు. ఆ షరతు ఉండనివ్వండి, దాని కింద ఇది చేర్చమని అడగండి: “ఈ ఉత్పత్తికి సపోర్ట్ గడువు, ముగింపు తేదీ అనుబంధం-1లో ఉన్నట్టు. ఆ గడువు గురించి సరఫరాదారు ఉద్యోగులు బహిరంగంగా చేసిన ఏ వ్యాఖ్యనైనా కొనుగోలుదారు లిఖితపూర్వకంగా ప్రస్తావించి వివరణ కోరితే, సరఫరాదారు 15 రోజుల్లో లిఖితపూర్వకంగా ధ్రువీకరించాలి లేదా ఖండించాలి. ఏదీ చేయకపోతే ఆ వ్యాఖ్యను సరఫరాదారు ధ్రువీకరించినట్టే పరిగణించాలి.” బేరంలో 15 రోజులు 30 అవుతాయి, ఫర్వాలేదు. చివరి వాక్యాన్ని మాత్రం వదులుకోవద్దు.